నిన్నటి ఏడో ఎపిసోడ్: ఇస్త్రీ చొక్కా జేబులో నల్ల టికెట్ (చూడనివాళ్లు ముందు చూసి రండి)

బురుజు నీడ, కర్నూలు (శనివారం ఉదయం 6:40)

రాత్రి పదకొండుకు ఎపిసోడ్ అయిపోయింది. ఒంటిగంట దాకా నిద్ర పట్టలేదు. అమ్మ లేచి "ఏమైందే?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తెర మీద ఒకావిడ చొక్కా ఇస్త్రీ చేయడం చూసి భయపడ్డానని ఎట్లా చెప్పేది?

మన వేదికలో సగంమంది ఈ సీరియల్ చూస్తున్నారు కాబట్టి కథ మొత్తం చెప్పను, నిన్నటిది మాత్రమే. హైదరాబాద్‌లో ఫ్లాటు, పెళ్లయి రెండేళ్లు. భర్త ప్రతి వారం ఆఫీసు పని మీద బెంగళూరు పోతాడు. నిన్న ఆయన ఇంట్లో లేనప్పుడు ఆమె ఉతికిన చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఆ పక్కనే ఉతకని చొక్కా ఒకటి ఉంది, ఆయన ఒక్కపూట వేసుకుని విడిచింది. దాన్నీ బల్ల మీద వేసి పెట్టె ఆనించింది. జేబు దగ్గర ఏదో మందంగా తగిలింది. తీసి చూస్తే బస్సు టికెట్, వేడికి మొత్తం నల్లగా అయిపోయింది. గుండీ కింద ఇరుక్కున్న ఒక్క మూల మాత్రం తెల్లగా మిగిలింది. అక్కడ "నంద్యాల" అని ఉంది.

అంతే. అక్కడినుంచి ఆమె ఆయన బ్యాగు తెరుస్తుంది. లోపల ఒక స్టూడియో ఫోటో, అందులో ఎవరో ఒక అమ్మాయి. ఆ అమ్మాయి మెడలో ఉన్న హారం ఇప్పుడు ఈమె మెడలో ఉంది. "మా అమ్మది" అని చెప్పి భర్త పెళ్లిలో పెట్టిన హారం అది. తర్వాత ఫోన్‌లో చూస్తే తన పేరు మీద నాలుగు సిమ్‌లున్నాయి. తను వాడేది ఒక్కటే. ఇంతలో లిఫ్టు చప్పుడు. రేపు రావలసిన మనిషి ఈరోజే వచ్చేశాడు. తలుపు తెరుచుకునేలోపు టికెట్, ఫోటో ఎక్కడో దాచేసింది. ఎక్కడ దాచిందో మాత్రం మనకు చూపించలేదు.

ఇక ఆ భోజనం సీను. దాని గురించి మీరే రాయండి, నాకు చేయి ఆడటం లేదు.

నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. రెండో ఎపిసోడ్‌లో ఆయన ఒక మాట అన్నాడు, గుర్తుందా? "మాది కర్నూలు, 2009 వరదలో ఇల్లు మునిగింది, ఫోటోలు, సర్టిఫికెట్లు అన్నీ పోయాయి." ఆరోజు నేను ఆ మాట నమ్మాను. మనలో ఎవరు నమ్మరు? మాదీ పాత నగరమే. ఆ అక్టోబర్ 2 రాత్రి తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చిన రోజులవి. మేం మేడ మీద కూర్చుని తెల్లారేదాకా కింద బీరువా తేలుతూ గోడకు కొట్టుకునే చప్పుడు విన్నాం. నీళ్లు తీశాక అమ్మ తన పెళ్లి ఆల్బం బురదలోనుంచి తీసి, ఒక్కో ఫోటో బకెట్‌లో ముంచి కడిగి దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసింది. చీర రంగు మిగిలింది, పూలదండ మిగిలింది. మొహాలు కడుక్కుపోయాయి.

నిన్న ఆ ఫోటో బయటపడ్డప్పుడు నాకు అర్థమైంది. నిజంగా ఫోటోలు పోగొట్టుకున్నవాళ్లు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోలేరు. మా అమ్మ ఇప్పటికీ ఏ ఫోటోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్తుంది. ఆయన ఒక్క మాటతో ముగించాడు. మనం పట్టుకోవలసింది అక్కడ.

నల్లరేగడి, ఆదోని (శనివారం 7:05)

అక్కా, వరద మాట నాకు తట్టనే లేదు. ఒళ్లు జలదరించింది.

భోజనం సీను నేను రాస్తాను. ఆయన స్నానం చేసి వచ్చి కూర్చుంటాడు. ఆమె అన్నం పెడుతుంది. ఆయన పప్పు కలుపుకుంటాడు, ఆఫీసు కబుర్లు చెప్తాడు, నవ్వుతాడు. "రసం ఇంకొంచెం పొయ్యి" అంటాడు. ఆమె గరిటె వంచుతుంది. రసం గిన్నె అంచుకు తగిలి ఒక్క చుక్క టేబుల్ మీద పడుతుంది. ఆయన ఆ చుక్కను వేలితో తుడిచి, తల ఎత్తకుండా అడుగుతాడు: "చొక్కా ఇస్త్రీ చేసినట్టున్నావే?"

తెర నల్లబడింది. నేను టీవీ ముందు నిలబడిపోయాను.

గుత్తి కోట, గుత్తి (శనివారం 7:50)

నేను ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. టికెట్ సంగతి ఒక మాట చెప్తాను. ఆ సీను తీసినవాళ్లు తెలిసి తీశారు.

పాత రోజుల్లో ట్రేలో రంగు రంగు టికెట్లు ఉండేవి, పంచ్ కొట్టి ఇచ్చేవాళ్లం. ఇప్పటి మెషిన్ టికెట్‌లో ఇంకు ఉండదు. కాగితం మీదే ఒక పూత ఉంటుంది, వేడి తగిలిన చోట నల్లబడుతుంది, అదే అక్షరం. ఇస్త్రీ పెట్టె పెడితే మొత్తం కాగితం ఒకే అక్షరమైపోతుంది. ఎండలో వదిలేస్తే ఉన్న అక్షరాలు మాసిపోతాయి. కాబట్టి ఇస్త్రీకి నల్లబడటం, గుండీ కింద మూల మిగలడం రెండూ నిజమే.

ఇంకో సంగతి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు కర్నూలు మీదుగానే పోతుంది. ఆమెకు కర్నూలు టికెట్ దొరికి ఉంటే ఏ అనుమానమూ రాదు. కర్నూలు దాటాక బెంగళూరు దారి డోన్, మా గుత్తి, అనంతపురం మీదుగా నేరుగా కిందికి పోతుంది. నంద్యాల ఆ దారిలో లేదు. కర్నూలులో దిగి వేరే బస్సెక్కి తూర్పుకు డెబ్భై కిలోమీటర్లు పోవాలి. దారి తప్పి నంద్యాల పోయేవాడు ఎవడూ ఉండడమ్మా. పనుండి పోవలసిందే.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు (శనివారం 9:15)

అందరికీ నమస్తే. నాకు పెళ్లయి ఎనిమిది నెలలైంది. ఈ సీరియల్ నేను, మా ఆవిడ కలిసి చూస్తాం. నిన్న చూశాక ఇద్దరం మాట్లాడుకోకుండా పడుకున్నాం. అందుకే నా బాధ ఇక్కడ రాస్తున్నాను. కోపం తెచ్చుకోకండి.

ఆమె బ్యాగు తెరవడం నాకు నచ్చలేదు. టికెట్ చేతిలో పట్టుకుని "ఇది ఏంటండీ?" అని అడగొచ్చు కదా. ఒక్క టికెట్ ముక్క చూసి భర్త బ్యాగు, ఫోను, అన్నీ వెతకడం మొదలుపెడితే ఇక ఆ ఇంట్లో నమ్మకం ఎక్కడిది? ఆయన ఇన్ని ఎపిసోడ్లలో ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమెకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నాడు. ప్రతి ఆదివారం ఆమెను వంటింట్లోకి రానివ్వకుండా వంట తనే చేస్తాడు. ఇంత మంచిగా ఉన్నవాడి మీద అనుమానం రావడమే నాకు కష్టంగా అనిపించింది.

నేను అడిగేది ఒక్కటే. రేపు నా జేబులో ఏదైనా కాగితం కనబడితే మా ఆవిడ నన్ను అడుగుతుందా, లేక నా బ్యాగు వెతుకుతుందా?

నల్లరేగడి, ఆదోని (శనివారం 9:22)

తమ్ముడూ, ఆ ప్రశ్న మమ్మల్ని కాదు, ఇంట్లో ఆమెనే అడగాలి నువ్వు.

అనంత వకీలు, అనంతపురం (శనివారం 10:30)

కోర్టుకు సెలవు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. కుటుంబ కేసులే ఎక్కువగా చూసే ఆడ వకీలుని నేను.

తుంగభద్ర గారూ, మీ బాధ సబబే. 2025 జులైలో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి ప్రశ్నే వచ్చింది. భర్త భార్యకు తెలియకుండా రికార్డు చేసిన ఫోన్ మాటలు విడాకుల కేసులో సాక్ష్యంగా పనికొస్తాయా అని. పనికొస్తాయని కోర్టు చెప్పింది. చెబుతూ, ఇద్దరూ ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చారంటే ఆ కాపురం అప్పటికే విరిగిందని కూడా అంది. అంటే వెతకడం వల్ల నమ్మకం పోలేదు. పోయింది కాబట్టే వెతుకుతున్నారు.

ఇక ఈమె విషయం. "అడగొచ్చు కదా" అన్నారు. ఎదుటి మనిషి మామూలువాడైతే అడగొచ్చు. తన పేరు మీద తనకు తెలియని మూడు సిమ్‌లు తీసుకున్నవాణ్ణి, మూసిన తలుపుల వెనక, ఒంటరిగా, రాత్రిపూట అడగకూడదు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో దెబ్బలు తిన్నవాళ్లు చాలామంది ఆ అడిగిన రాత్రే తిన్నారు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పమన్నా చెప్తాను.

సిమ్‌ల సీను మీ ఇళ్లలో కూడా పనికొస్తుంది. సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైటులో మన నెంబరు కొట్టి ఓటీపీ ఇస్తే మన పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూపిస్తుంది. మనవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. మన దగ్గర ఒకరి పేరు మీద గరిష్ఠంగా తొమ్మిది కనెక్షన్లే ఉండాలి. అట్లాగే మన పేరు మీద అప్పులు ఉన్నాయో లేదో కూడా తెలుసుకోవచ్చు. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం అది. ఈమె సిమ్‌ల దగ్గర ఆగిపోయింది. ఆ మూడు సిమ్‌లతో ఏం చేశాడో తర్వాతి ఎపిసోడ్‌లో అప్పుల నివేదికే చెప్తుందని నా అంచనా.

నల్లరేగడి, ఆదోని (శనివారం 10:41)

మేడమ్, మొదటి పెళ్లి దాచి రెండో పెళ్లి చేసుకుంటే జైలే కదా?

అనంత వకీలు, అనంతపురం (శనివారం 11:00)

ఆ ఫోటోలో అమ్మాయి బతికుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బతికుండి విడాకులు కాకపోతే ఈ పెళ్లి చెల్లదు. కొత్త చట్టం, అంటే 2024 జులై 1 నుంచి వచ్చిన న్యాయ సంహిత 82 ప్రకారం ఏడేళ్ల దాకా శిక్ష. మొదటి పెళ్లి దాచి చేసుకుంటే పదేళ్ల దాకా.

ఆ అమ్మాయి చనిపోయి ఉంటే ఈ పెళ్లి చెల్లుతుంది. కానీ "నాకు ఇదే మొదటి పెళ్లి" అని మోసం చేసి ఒప్పించినందుకు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద రద్దు అడగొచ్చు. దీనికి గడువుంది, అది చాలామందికి తెలియదు. మోసం తెలిసిన రోజునుంచి ఏడాది లోపల కోర్టుకు రావాలి. తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. "పిల్లల కోసం చూద్దాం, పండగ అయ్యాక చూద్దాం" అని రెండేళ్లు గడిపి వచ్చినవాళ్లకు నేను ఈ మాట చెప్పేటప్పుడు వాళ్ల మొహం చూడలేను.

తెర వెనక, కడప (శనివారం 12:20)

చట్టం మేడమ్ చెప్పారు కాబట్టి నేను నాటకం సంగతి రాస్తాను. నలభై ఏళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నవాణ్ణి.

భోజనం సీను అంత భయంగా ఎందుకుంది? ఆయన చేతులు కడుక్కునే చోటు గమనించారా? వాష్‌బేసిన్ మీద అద్దం. ఆ అద్దంలో వెనక పడకగదిలో బ్యాగు కనిపిస్తుంది. ఆయన ఎప్పుడూ జిప్పు ఎడమకు లాగి మూస్తాడని మూడో ఎపిసోడ్‌లోనే చూపించారు. ఇప్పుడు అది కుడివైపుకు ఉంది. ఆయన అద్దంలో ఒక్క క్షణం చూసి తువ్వాలు అందుకుంటాడు. ఆమె వంటింట్లో ఉంది, ఆమెకు తెలియదు. మనకు తెలుసు. అక్కడినుంచి రసం దాకా తొమ్మిది నిమిషాలు. వాటిలో ఏమీ జరగదు, ఒక మనిషి అన్నం తింటాడు. మనకు తెలిసిందీ ఆమెకు తెలియనిదీ ఒకటి ఉంది కాబట్టి ప్రతి ముద్దా గొంతుకు అడ్డం పడుతుంది.

ఇది మనకు కొత్త విద్య కాదు. మా జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలవాళ్లు మొదటిసారి మనుషులతో వేసిన నాటకం కీచక వధం. ఆ ఊరి పేరే సురభి నాటకాలకు పేరైంది. ఆ కథలో బలం ఎక్కడుందో చూడండి. చీకట్లో పడుకున్నది ద్రౌపది కాదని, భీముడని చూసేవాళ్లందరికీ తెలుసు. కీచకుడికి తెలియదు. వాడు సింగారించుకుని వస్తుంటే జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. నిన్న దాన్నే తిరగేశారు. కీచకుడికి తెలుసు, ద్రౌపదికి తెలియదు, భీముడు లేడు.

ఇంకొకటి. ఆ తొమ్మిది నిమిషాలూ సంగీతం లేదు. కుక్కర్ రెండు కూతలు కూస్తుంది. మూడోది రావాలి. అది రాకముందే ఆమె స్టవ్ ఆర్పేస్తుంది, ఆయన మాట వినబడాలని. ఆ మూడో కూత కోసం నా చెవులు చివరిదాకా ఎదురుచూస్తూనే ఉన్నాయి.

కుందనం, ప్రొద్దుటూరు (శనివారం 1:10)

నేను బంగారం పనివాణ్ణి. మా ఊళ్లో మాకు ఈ సీరియల్ గురించి రెండు రోజులు చర్చ జరుగుతుంది, హారం వచ్చింది కదా!

ఫోటోలో ఉన్నదీ మెడలో ఉన్నదీ ఒకటే హారమని ఆమె ఎట్లా పోల్చుకుంది? ఎడమవైపు మూడో కెంపు రంగు తేడా. మా పనిలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. రాయి ఊడిపోతే కొత్తది పొదుగుతాం, కానీ పాత రాళ్ల రంగుకు సరిగ్గా సరిపోయేది దొరకడం చాలా కష్టం. ఒక పిసరు ఎరుపు ఎక్కువో తక్కువో ఉంటుంది. వేసుకున్న మనిషికి అద్దంలో రోజూ కనబడుతుంది, పక్కవాళ్లకు కనబడదు. కాబట్టి ఆ తేడా భార్యకే తెలియాలి. అందుకే ఆ సీను నాకు అంత నచ్చింది.

కొందరు హాల్‌మార్కు నెంబరుతో పట్టుకోవచ్చు కదా అంటున్నారు. ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ లేకుండా నగ అమ్మకూడదనే నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అది పాత హారం, దానికి నెంబరు ఉండదు. దానికి ఆ కెంపే నెంబరు.

దేవుని గడప, కడప (శనివారం 3:45)

పొద్దుటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. తుంగభద్ర తమ్ముడి కోసం రాస్తున్నాను.

2012లో మాట ఇది. పంచాంగంలో తిథి చూద్దామని తెరిస్తే మధ్యలో ఒక రసీదు, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఒక బ్యాంకులో బంగారం తాకట్టు రసీదు. నా హారం, నాలుగు గాజులు. తూకం గ్రాముల్లో రాసి ఉంది. అవి లాకరులో ఉన్నాయని నేను ఏడాదిన్నరగా అనుకుంటున్నాను.

నేను అరవలేదు, ఏడవలేదు. ఆ రాత్రి ఆయనకు అన్నం పెట్టినాను. సంగటి, చింతాకు పప్పు. రసీదు దాచిపెట్టి వడ్డించినాను. ఆయన "పప్పు బాగుంది" అన్నాడు. నిన్న ఆమె గరిటె అంచుకు తగిలినప్పుడు నా చేయే తగిలినట్టయింది. అట్లా నాలుగు రాత్రులు వడ్డించినాను తమ్ముడూ. నువ్వు "అడగొచ్చు కదా" అంటివి. ఆ నాలుగు రోజులు నేను అడగనిది ఆయన మీద అనుమానంతో కాదు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని. జవాబు వచ్చేదాకా ఆయన నా మొగుడే. వచ్చినాక ఎవరో తెలియదు.

ఐదో రోజు పిల్లలు బడికి పోయినాక మా అన్నను జమ్మలమడుగు నుంచి పిలిపించి, ఆయన ఎదురుగా కూర్చోబెట్టి అప్పుడు అడిగినాను. వకీలమ్మ చెప్పింది నిజం. ఒంటరిగా అడగకూడదు. మా ఆయన చేయెత్తే మనిషి కాదు, అయినా అడగకూడదు. ఒంటరిగా అడిగితే ఆయన చెప్పిందల్లా నమ్మేస్తామని నాకు భయం.

సంగతి ఏమిటంటే, వాళ్ల తమ్ముడు చేనులో నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిపోయినాయి. అప్పులవాళ్లు ఇంటి మీదికి వస్తే ఆయన నా బంగారం పెట్టి తీర్చినాడు. నాకు చెప్పే మొహం లేక చెప్పలేదు. గాజులు విడిపించుకోవడానికి రెండేళ్లు పట్టింది. హారం వేలంలో పోయింది.

ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఏడాదిన్నర నా ముఖం చూసి అబద్ధం ఆడగలిగినాడు. ఆ సంగతి తెలిసినాక నేను పాత మనిషిని కాలేదు.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు (శనివారం 4:20)

అక్కా, మీ మాటలు మా ఆవిడకు చదివి వినిపించాను. తను ఏమీ అనలేదు. తన పాత ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, పాస్‌వర్డ్ చెప్పి వెళ్లింది. నేను తెరవలేదు. నాదీ చెప్పాను. తనూ తెరవలేదు. ఇద్దరం టీ తాగాం.

పొద్దున రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె అడగాల్సింది అని ఇక అనను.

ఒకటి అడగొచ్చా? ఆ నాలుగు రోజులు రసీదు ఎక్కడ పెట్టారు? తిరిగి పంచాంగంలోనే పెట్టారా?

దేవుని గడప, కడప (శనివారం 4:35)

పంచాంగంలో పెడితే ఆయన తీసేస్తాడు కదా తమ్ముడూ. బియ్యం డబ్బాలో పెట్టినాను, అడుగున. మోచేయి దాకా చేయి పెడితేగానీ అందదు. మా ఇంట్లో మగవాళ్లు ఎవరూ బియ్యం డబ్బాలో చేయి పెట్టరు.

అనంత వకీలు, అనంతపురం (శనివారం 5:00)

అక్కా, మీరు రాసింది చదివాక ఏం రాయాలో తోచడం లేదు. ఒక్క మాట మాత్రం. భార్యకు పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు పెట్టిన బంగారం ఆమె స్త్రీధనం. అది పూర్తిగా ఆమెదే, అత్తింట్లో ఉన్నా సరే, అని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఇది చదివే చెల్లెళ్లు గుర్తుపెట్టుకోండి. నగల ఫోటోలు తీసి, బిల్లులతో కలిపి పుట్టింట్లో ఒక కాపీ ఉంచండి.

సీరియల్‌లో ఆమెలాంటి స్థితిలో ఎవరైనా ఉంటే 181కి ఫోన్ చేయండి, అత్యవసరమైతే 112. ఇల్లు ఆయన పేరు మీద ఉందని, అద్దె ఆయన కడుతున్నాడని బయటికి నెట్టడానికి వీల్లేదు. 2005 గృహహింస చట్టం కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఇస్తుంది. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు. భయపెట్టినా, డబ్బు, నగలు లాక్కున్నా ఆ చట్టంలో హింసే.

తెర వెనక, కడప (శనివారం 5:30)

రచయితలకు నా కోరిక ఒకటి. వచ్చేవారం ఆమెను డిటెక్టివ్‌ను చేయకండి. బురఖా వేసుకుని నంద్యాల పోయి ఆధారాలు పోగుచేసే సీన్లు మనకొద్దు. ఆమె ఆ ఇంట్లోనుంచి బయటపడాలి, అంతే. గుమ్మం దాటడం చూపించి గంటసేపు మనల్ని కూర్చోబెట్టగలిగితే అదే గొప్ప ఎపిసోడ్.

నల్లరేగడి, ఆదోని (శనివారం 5:42)

కానీ టికెట్, ఫోటో ఎక్కడ దాచిందో తేలనిదే ఎట్లా బయటపడుతుంది? అవి ఆయనకు దొరికితే?

బురుజు నీడ, కర్నూలు (శనివారం 9:50)

కడప అక్క బియ్యం డబ్బా మాట చదివి మళ్లీ ఎపిసోడ్ పెట్టుకుని చూశాను. అమ్మ కూడా పక్కన కూర్చుంది.

రసం పోసే సీను దగ్గర ఆపండి. గరిటె పట్టిన చేయి దగ్గరగా చూపిస్తారు. మణికట్టు దగ్గర, రెండు గాజుల మధ్య ఏదో తెల్లగా ఉంది. మొదటిసారి నేను దాన్ని మెతుకు అనుకున్నాను. పెద్దది చేసి చూశాను. మెతుకు కాదు. బియ్యపు గింజలు, రెండు. అన్నం అప్పటికే వార్చేసింది, వడ్డించేసింది. ఆ వేళప్పుడు పచ్చి బియ్యంలో చేయి ఎందుకు పెట్టింది?

అక్కా, ఆమె కూడా మీలాగే చేసింది. ఆ డబ్బాలోనే ఉన్నాయి.

దేవుని గడప, కడప (శనివారం 10:05)

చూసినాను అమ్మా. రెండు గింజలూ కనబడినాయి. కళ్లనీళ్లు వచ్చినాయి.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు (శనివారం 10:12)

అక్కా, ఇప్పుడే మా ఆవిడ గుర్తు చేసింది. ఆ భోజనం సీనులో వెనకాల టీవీలో వార్తలు వస్తుంటాయి, కింద వారం పేరు ఉంటుంది. అది శనివారం రాత్రి.

పొద్దున నేనే కదా రాశాను. ఆదివారం ఆ ఇంట్లో వంట ఆయనది.